బ్యాటరీని అడుగంటనివ్వకండి
(ఆకాశవాణి మహిళా కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



ఈ వేళ నేను మాట్లాడబోయే విషయం పేరు వింటే మీలో కొందరు రేడియో కట్టేసి పొయ్యి దగ్గరకు వెళ్లిపోతారేమోనని నా భయం. ల్యాప్‌టాప్ బ్యాటరీ! ఇదేం ఆడవాళ్లకు చెప్పే విషయమా, పప్పులు పురుగు పట్టకుండా ఉండే చిట్కా ఏదైనా చెప్పకూడదా అనుకుంటారు. కానీ చూడండీ, ఈ రోజుల్లో పిల్లల చదువు, పెద్దల ఉద్యోగం, కాలేజీ సీటు, పెన్షను కాగితం అన్నీ ఆ పెట్టెలోంచే రావాలి. దానిని సర్ది, తుడిచి, బీరువాలో పెట్టేది మాత్రం మనమే. ఆ పెట్టడంలోనే నేను పొరపాటు చేశాను. అంచేత నాకు చెప్పే హక్కు ఉందనుకుంటున్నాను.

మా ఇంట్లో ల్యాప్‌టాప్ 2020లో, లాక్‌డౌన్ రోజుల్లో కొన్నాం. మా పెద్దవాడు శృంగవరపుకోటలో మా ముందుగదిలోనే కూర్చుని ఆఫీసు పని చేసేవాడు. దానికి నేనో నియమం పెట్టాను. బ్యాటరీ పూర్తిగా అయిపోయి, పెట్టె దానంతటది ఆగిపోయేవరకు ప్లగ్గు పెట్టకూడదు. సగంలో పెడితే బ్యాటరీ పాడైపోతుందని నా గట్టి నమ్మకం. ఈ నమ్మకం నాకు ఎక్కడిదంటే, మొదటిసారి సెల్‌ఫోను కొన్నప్పుడు దుకాణంలో అబ్బాయి చెప్పిన మాట. "ఎనిమిది గంటలు చార్జింగు పెట్టండమ్మా, పూర్తిగా అయిపోయాకే మళ్లీ పెట్టండి" అన్నాడు. మీలో ఎంతమందికి ఈ మాట చెప్పలేదు చెప్పండి?

2022లో వాడు హైదరాబాదు వెళ్లిపోయాడు. అక్కడ ఆఫీసువాళ్లే వేరే ల్యాప్‌టాప్ ఇచ్చారు. ఇది ఇంట్లో మిగిలింది. నేను జాగ్రత్తగా బ్యాటరీని సున్నాకు తెప్పించి, లోపల కరెంటు లేకపోతే ప్రమాదం ఉండదు కదా అని, పాత పట్టుపంచెలో చుట్టి బీరువాలో పెట్టాను. పది నెలలు తీయలేదు.

2023లో వానాకాలం మొదలయ్యాక మా అమ్మాయికి ఇంజనీరింగు కౌన్సెలింగు వచ్చింది. అరవై కాలేజీల పేర్లు వరుసగా పెట్టాలిట. పెట్టె తీశాం. ప్లగ్గు పెడితే పనిచేస్తోంది కానీ బ్యాటరీ గుర్తు దగ్గర సున్నాయే. రెండు గంటలైనా సున్నాయే. పోనీలే, వైరు మీద నడుస్తోందిగా అని కూర్చోబెట్టాను. రాత్రి తొమ్మిది దాటాక, నలభై పేర్లు పూర్తయ్యేసరికి కరెంటు ఒక్క రెప్పపాటు పోయి వచ్చింది. మా ఇన్వర్టరు ఫ్యాన్లకీ లైట్లకీ తప్ప ప్లగ్గులకి కలపలేదు. పెట్టె ఆగిపోయింది. పెట్టిన వరుసంతా పోయింది. మర్నాటితో గడువు ముగుస్తుంది. పాపం ఆ గుంట ఏడుపు. దానికి తోడు నేను, "సినిమాలు చూసి చూసి నువ్వే పాడుచేసి ఉంటావు" అని నాలుగు అన్నాను. తెల్లవారాక నెట్ సెంటరు తలుపులు తీసేసరికి మెట్ల మీద మేమే ఉన్నాం. ఎలాగో పని పూర్తయిందనుకోండి.

తరవాత విజయనగరంలో బాగుచేసే అతని దగ్గరకు పట్టుకెళితే, అతను విప్పి మీటరు పెట్టి చూసి, "అమ్మా, ఇది వాడి పాడయింది కాదు, వాడక పాడయింది. ఖాళీ కడుపుతో పడుకోబెట్టేశారు" అన్నాడు. కొత్త బ్యాటరీకి మూడున్నర వేలు. దారిపొడుగునా బస్సులో మా అమ్మాయి నా వైపు చూడలేదు. చూస్తే నేనేం చెప్పను?

ఆ తరవాత నుంచి ఈ సంగతి అడిగి, చదివి, తెలుసుకున్నాను. మెట్రిక్కుతో చదువు ఆపేసినదాన్ని, నాకు అర్థమైంది కాబట్టి మీకూ అవుతుంది.

ముందు బ్యాటరీ కెపాసిటీ అంటే ఏమిటి? దానికెంత పడుతుంది అని. మన బిందెకు ఎన్ని లీటర్లో అలాగన్నమాట. మా పాత బ్యాటరీ మీద చీటీ ఉంది. 11.4 వోల్టులు, 3600 మిల్లీ యాంపియర్-అవర్లు, 41 వాట్-అవర్లు అని. మొదటి రెండూ హెచ్చవేస్తే మూడోది వస్తుంది. 11.4 ఇంటూ 3.6, నలభై ఒకటి. మనకు పనికొచ్చేది ఈ మూడో అంకె. ల్యాప్‌టాప్ 10 వాట్లు తింటూ ఉత్తరం రాసుకుంటుంటే నాలుగు గంటలు వస్తుంది. వీడియోలో మాట్లాడుతూ 20 వాట్లు తింటే రెండు గంటలే. తెర వెలుగు తగ్గిస్తే ఎక్కువసేపు వస్తుందనేది ఇందుకే.

ఇంకో లెక్క చెబుతాను, నాకు భలే ఆశ్చర్యమేసింది. మన కరెంటు బిల్లులో ఒక యూనిట్ అంటే 1000 వాట్-అవర్లు. అంటే ఒక్క యూనిట్‌తో ఈ బ్యాటరీని ఇరవై సార్లు పైగా నింపవచ్చు. వెయ్యి వాట్ల ఇస్త్రీపెట్టె ఎర్రలైటు వెలిగి ఉండగా రెండున్నర నిమిషాల్లో తినేసేది, ఈ బ్యాటరీ నిండా పట్టే కరెంటంత. కాబట్టి "ఎప్పుడూ ప్లగ్గులో పెడితే బిల్లు పెరిగిపోతుంది" అని పిల్లల్ని కసరకండి. నేను కసిరేదాన్ని. బిల్లు గురించి బెంగ ఉంటే గీజరు వైపు చూడండి.

సరే, ఈ బిందె లోపల ఏముంది? రెండు పలచని రేకులు. ఒకటి రాగి, దాని మీద పెన్సిల్లో ఉండే గ్రాఫైటు పూత. రెండోది అల్యూమినియం, దాని మీద లిథియం కలిసిన లోహపు ఆక్సైడు పూత. రెంటికీ మధ్య చిన్న చిన్న రంధ్రాలున్న పలచని పొర, దాన్ని తడిపే ఒక ద్రవం. ఈ మొత్తాన్ని చాప చుట్టినట్టు చుట్టేస్తారు, లేదా చీర మడత పెట్టినట్టు మడత పెట్టేస్తారు. చార్జి పెట్టినప్పుడు లిథియం అటువైపు నుంచి గ్రాఫైటులోకి వచ్చి చేరుతుంది. మనం వాడుకుంటున్నప్పుడు మళ్లీ తన ఇంటికి వెళ్లిపోతుంది. కాపురానికి వచ్చిన కోడలు పండక్కి పుట్టింటికి వెళ్లి వచ్చినట్టు, అటూ ఇటూ తిరగడమే దాని పని.

ఇది కనిపెట్టినవారిలో ముగ్గురికి 2019లో రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. విటింగ్‌హామ్, గుడ్‌ఇనఫ్, జపానాయన యోషినో. గుడ్‌ఇనఫ్‌గారికి అప్పటికి 97 ఏళ్లు. నోబెల్ అందుకున్నవారందరిలోకీ ఆయనే పెద్దవాడు. మన ఇళ్లలో అరవై దాటితే "మీకెందుకు, కూర్చోండి" అంటాం! ఈ బ్యాటరీలను మొదట బజారులోకి తెచ్చింది సోనీ కంపెనీ, 1991లో. ఇప్పుడు మనవాళ్లూ మొదలుపెట్టారు. మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో అమరరాజావారు లిథియం బ్యాటరీల ఫ్యాక్టరీకి 2023లో శంకుస్థాపన చేశారు.

అసలు విషయానికి వస్తాను. పూర్తిగా ఖాళీ చేస్తే ఏమవుతుంది?

లోపల ఒక్కొక్క సెల్లు నిండుగా ఉంటే సుమారు 4.2 వోల్టులు ఉంటుంది. వాడుతుంటే దిగుతూ వచ్చి 3 వోల్టుల దగ్గరకు చేరేసరికి ఖాళీ అయినట్టు లెక్క. ఇంకా దిగి మరీ కిందికి పోయిందంటే లోపలి రాగి రేకు కరగడం మొదలుపెడుతుంది. కరిగిన రాగి ఆ ద్రవంలో కలుస్తుంది. తరవాత మనం చార్జి పెడితే ఆ రాగి ఎక్కడపడితే అక్కడ పేరుకుని, మధ్య పొరను దాటి అటూ ఇటూ కలిపేసే ప్రమాదం ఉంది. అంటే లోపల్లోపలే షార్టు. వేడెక్కడం, ఉబ్బడం, ఒక్కొక్కప్పుడు మంట. అలా జరగకుండా బ్యాటరీలోనే చిన్న కాపలా సర్క్యూటు ఒకటి పెడతారు. అది వోల్టేజి మరీ పడిపోయిందని చూసిందంటే తలుపు మూసేస్తుంది. ఇక ప్లగ్గు పెట్టినా తీయదు. మా ల్యాప్‌టాప్ రెండు గంటలైనా సున్నా దగ్గరే కూర్చున్నది అందుకే. మొరాయిస్తోందని నేను దాన్ని తిట్టుకున్నాను. అది మమ్మల్ని కాపాడుతోంది.

"అయితే మా అబ్బాయి రోజూ సున్నాకి తెచ్చేస్తాడండీ, బానే ఉందే" అంటారు. నిజమే. మనకు తెర మీద కనిపించే సున్నా అసలు సున్నా కాదు. పొయ్యి మీద గ్యాసుబండ అయిపోతుందని రెండోది ముందే తెప్పించుకుంటామే, అలా తయారుచేసినవాళ్లు కొంత దాచి ఉంచి సున్నా చూపిస్తారు. కొద్ది శాతం ఉండగానే పెట్టె తనంతట తాను నిద్రపోతుంది. కాబట్టి ఒకసారి అయిపోయిందంటే కొంప మునగదు. ఆ పూటో మర్నాడో చార్జి పెట్టేస్తే సరిపోతుంది. ముప్పు ఎక్కడంటే, అలా ఖాళీగా వదిలేయడంలో. వాడకపోయినా బ్యాటరీ నెలకు కొంచెం చొప్పున దానంతటదే దిగిపోతూ ఉంటుంది. ఆ కాపలా సర్క్యూటు కూడా బ్యాటరీ తిండే తింటుంది. పెట్టెలో గడియారం గట్రా ఇంకొంత. దాచి ఉంచిన ఆ కాస్తా నెలల మీద అయిపోతుంది. నా పట్టుపంచె మూటలో జరిగింది అదే.

ఈ కథ మా పాలామెకు చెబితే, "ఏటమ్మగోరూ, ఆ పెట్టికి కూడా పస్తులుంచీసినారేటి!" అంది. ఇంతకంటే బాగా నేను చెప్పలేను.

మరి రోజూ సున్నాకు తెచ్చి నింపే అలవాటు మాటేమిటి? అదీ మంచిది కాదు, అయితే ఆ నష్టం నెమ్మది మీద తెలుస్తుంది. బ్యాటరీ ఆయుష్షును సైకిళ్లలో లెక్కిస్తారు. నూరు నుంచి సున్నాకు ఒకసారి దిగితే ఒక సైకిలు. సగం వాడి నింపి, మళ్లీ సగం వాడినా ఒక సైకిలే, రెండు కాదు. మామూలు ల్యాప్‌టాప్ బ్యాటరీ మూడు వందల నుంచి అయిదు వందల సైకిళ్లు తిరిగేసరికి దాని కెపాసిటీ ఎనభై శాతానికి పడిపోతుందని తయారీదార్లే చెబుతారు. కొన్ని ఖరీదైనవి వెయ్యి వరకు వస్తాయి. ఇక్కడ కిటుకేమిటంటే, ఎప్పుడూ అడుగంటా వాడకుండా ముప్పైకో నలభైకో రాగానే నింపుకుంటూ ఉంటే, మొత్తం మీద వచ్చే వాడకం బాగా ఎక్కువ. లాక్‌డౌన్‌లో మావాడు రోజుకు పది గంటలు పనిచేసేవాడు. నా నియమం ప్రకారం బ్యాటరీ రోజుకు రెండు మూడు సార్లు సున్నాకు వచ్చేది. ఎన్ని సైకిళ్లయి ఉంటాయో మీరే లెక్క కట్టండి. రెండేళ్లు తిరిగేసరికి గంటన్నర కూడా వచ్చేది కాదు. కంపెనీవాణ్ణి తిట్టుకున్నాం.

బిందె కుదించుకుపోవడానికి ఇంకో కారణం ఉంది. ఉప్పునీళ్లు కాచే గిన్నె అడుగున తెల్లగా పొర పేరుకుంటుంది కదా. బ్యాటరీలో గ్రాఫైటు మీద కూడా అలాంటి పొర ఒకటి ఏర్పడుతుంది. మొదట్లో అది అవసరమే. కానీ రానురాను మందం పెరిగి, కొంత లిథియంను తనలోనే బందీ చేసేస్తుంది. వేడి ఎక్కువైన కొద్దీ, బ్యాటరీ పూర్తిగా నిండి ఉన్న కొద్దీ ఇది త్వరగా జరుగుతుంది. నిండా చార్జి చేసి నలభై డిగ్రీల వేడిలో ఏడాది ఉంచితే, వాడకపోయినా కెపాసిటీలో మూడో వంతు దాకా పోవచ్చు. సగానికి కాస్త తక్కువ నింపి అదే వేడిలో ఉంచితే పదిహేను శాతం దాకా పోతుంది. చల్లటి చోట అయితే ఇంకా తక్కువ. ఈ అంకెలు చూశాక నాకు ఎండాకాలంలో మా ఊరి మీదుగా అరకు వెళ్లే కార్లు గుర్తొచ్చాయి. అద్దాలు ఎత్తేసి, వెనకసీట్లో ల్యాప్‌టాప్ సంచీ పడేసి, టిఫినుకు దిగుతారు. పసిపిల్లను వదిలినట్టు వదిలేస్తారండీ.

మరి దుకాణంలో ఆ అబ్బాయి అబద్ధం చెప్పాడా? లేదు. పాతమాట చెప్పాడు. పూర్వం చార్జింగు బ్యాటరీలంటే నికెల్-కాడ్మియంవి. వాటిని ఎప్పుడూ సగంలోనే నింపుతూ ఉంటే, ఆ సగాన్నే గుర్తుపెట్టుకుని అక్కడే చతికిలబడేవి. అందుకని అప్పుడప్పుడు పూర్తిగా ఖాళీ చేయమనేవారు. లిథియంకు ఆ జబ్బు లేదు. బ్యాటరీ మారిపోయింది, మాట మిగిలిపోయింది.

ఇంట్లో ఇన్వర్టరు బ్యాటరీ వేరే రకం. అది సీసం, ఆమ్లం కలిసింది. దానినీ అడుగంటా వాడకూడదు, కానీ లిథియంలా సగంలో ఉంచడమూ పనికిరాదు. ఎప్పుడూ నిండుగా ఉండాలి, డిస్టిల్డు వాటరు చూస్తుండాలి. సగం ఖాళీగా వదిలేస్తే పలకల మీద గంధకపు ఉప్పు గట్టిపడిపోతుంది. తోడికోడళ్లలా ఒకరికి నప్పింది ఒకరికి నప్పదు. ఒకే చిట్కా అన్నిటికీ వాడబోయే నాలాంటివాళ్లు చెడిపోయేది ఇక్కడే.

కొందరు సోదరీమణులు "ఎప్పుడూ ప్లగ్గులోనే ఉంచితే పేలిపోతుందా?" అని అడుగుతున్నారు. నిండాక సర్క్యూటు చార్జింగు ఆపేస్తుంది, పొంగిపొర్లదు. కానీ నెలల తరబడి నూటికి నూరు నిండి, పైగా వేడిగా ఉండటం బ్యాటరీకి హాని. ఇప్పుడు చాలా ల్యాప్‌టాప్‌లలో ఎనభై శాతం దగ్గర ఆపేలా పెట్టుకునే వీలుంది. కొన్నిటిలో అరవై. మీ పిల్లలను అడిగి పెట్టించుకోండి. పరుపు మీద, దిండు మీద పెట్టి వాడనివ్వకండి, గాలి పోయే దారి మూసుకుని వేడెక్కిపోతుంది. పొయ్యి గట్టు పక్కన వంటల వీడియో చూస్తూ పెట్టే అలవాటు నాకూ ఉంది, మానుకుంటున్నాను. వాడకుండా దాచేటప్పుడు నలభై యాభై శాతం ఉంచి పూర్తిగా ఆపేసి, చల్లటి బీరువాలో పెట్టండి. రెండు మూడు నెలలకోసారి తీసి చూసి, తగ్గితే మళ్లీ సగానికి తెండి. చల్లగా ఉంటుందని ఫ్రిజ్‌లో మాత్రం పెట్టకండి, తడి చేరుతుంది.

ఒక్క సందర్భంలో మాత్రం ఎనభై మాట పక్కన పెట్టాలి. తుఫాను హెచ్చరిక వచ్చినప్పుడు. మన ఉత్తరాంధ్రవాళ్లకు వేరే చెప్పాలా? 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు స్తంభాలు వేలకు వేలు పడిపోయాయి. మా వీధికి కరెంటు వచ్చేసరికి వారం దాటింది. జనరేటరు ఉన్న చోటల్లా ఫోన్లు పట్టుకుని బారులు తీరాం. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస వైపు తీరం దాటినప్పుడు శ్రీకాకుళం జిల్లావాళ్లకు మళ్లీ అదే అవస్థ. అలాంటప్పుడు ముందురోజే ల్యాప్‌టాప్‌ను నూరు శాతం నింపేయండి. ఆ ఒక్కరోజు నిండుగా ఉన్నంత మాత్రాన దానికేమీ కాదు. ల్యాప్‌టాప్ నుంచి ఫోనుకు వైరు పెట్టి చార్జి చేసుకోవచ్చు. 5000 మిల్లీ యాంపియర్-అవర్ల ఫోను సుమారు 19 వాట్-అవర్లు పడుతుంది కాబట్టి, మధ్యలో పోయేది పోగా, ఒకటిన్నర సార్లు ఫోను నిండుతుంది. పొరుగూళ్లో ఉన్న పిల్లలకు "క్షేమం" అని ఒక్క మాట చెప్పడానికి అది చాలు. కరెంటు వచ్చాక మాత్రం ఖాళీ అయినవాటన్నిటికీ ముందుగా చార్జి పెట్టండి.

మీ బ్యాటరీ ఏ స్థితిలో ఉందో చూసుకునే మార్గం కూడా ఉంది. విండోస్ ఉన్న ల్యాప్‌టాప్‌లో కమాండ్ ప్రాంప్ట్ అనే నల్లటి కిటికీ తెరిచి బ్యాటరీ రిపోర్టు అడిగితే ఒక కాగితంలాంటిది వస్తుంది. మా అమ్మాయే చేసి చూపించింది. అందులో డిజైన్ కెపాసిటీ అని కొత్తలో ఎంత పట్టేదో ఉంటుంది. ఫుల్ చార్జ్ కెపాసిటీ అని ఇప్పుడెంత పడుతోందో ఉంటుంది. రెండో అంకె మొదటిదానిలో సగానికి చేరితే కొత్తది కొనే రోజు దగ్గరపడిందన్నమాట. మేము కొన్న కొత్త బ్యాటరీలో మొదటిది 41,040. మొన్న చూస్తే రెండోది 37,900 దగ్గర ఉంది. డాక్టరు రిపోర్టు చూసినట్టు నెలకోసారి చూస్తున్నాం, నాకదో సరదా అయిపోయింది.

ఒక్కొక్కప్పుడు తెర మీద ఇరవై శాతం చూపిస్తూనే పెట్టె టక్కున ఆగిపోతుంది. అది లెక్క చెప్పే మీటరు తప్పడం. రెండు మూడు నెలలకోసారి పది శాతానికి దించి, ఆపకుండా నూరుకు నింపితే మీటరు సరిపడుతుంది. పూర్తిగా వాడాలనే పాతమాటలో ఇప్పటికీ పనికొచ్చే ముక్క ఇంతే. అదీ మీటరు కోసం, బ్యాటరీ కోసం కాదు.

చివరగా ఒక హెచ్చరిక. ల్యాప్‌టాప్ అడుగుభాగం ఉబ్బినా, మీటల కింద ఉండే పలక పైకి లేచినా, మూత సరిగా పడకపోయినా లోపల బ్యాటరీ ఉబ్బిందని అనుమానించండి. వెంటనే ఆపి, ప్లగ్గు తీసేయండి. నొక్కి చూడటం, సూదితో గుచ్చడం చేయకండి, అప్పడం కాదది. పిల్లలకు అందకుండా, పరుపులకూ గుడ్డలకూ దూరంగా పెట్టి బాగుచేసేవారికి అప్పగించండి. పాత బ్యాటరీ చెత్తబండిలో వేయకండి. బండిలో నలిగితే మంట లేస్తుంది, ఆ బండి తోసే ఆడమనిషి కూడా మనలాంటిదే. పాతవి తిరిగి తీసుకునే బాధ్యత తయారీదార్లదేనని 2022లో కేంద్ర ప్రభుత్వం నియమాలు చేసింది. కాబట్టి కొత్తది కొన్న దుకాణంలోనే పాతది ఇచ్చేయండి. మా పాత బ్యాటరీ విజయనగరంలో అతనికే ఇచ్చి వచ్చాను. పట్టుపంచె మాత్రం ఇంటికి తెచ్చుకున్నాను.